తక్కువ ఖర్చులో రీగా చూసి రావడం ఎలా?

లాత్వియా రాజధాని రీగాలో చూడాల్సినవి చాలావరకు వీధిలోనే ఉంటాయి. ఇళ్ల గోడల మీద, చర్చి శిఖరాల మీద, మార్కెట్ బల్లల మీద. వాటికి టికెట్ లేదు. డబ్బు పోయేది అక్కడికి చేరడానికి, పడుకోవడానికి, తెలియక తినకూడని చోట తినడానికి. ఈ మూడింటి దగ్గర ముందుచూపు ఉంటే, విమానం ఖర్చు పక్కన పెట్టి, రోజుకు 40 నుంచి 45 యూరోల్లో ఈ ఊరు హాయిగా చూడొచ్చు. యూరో అంటే వంద రూపాయల పైమాటే కాబట్టి మన లెక్కలో ఇది చిన్న మొత్తమేం కాదు. కానీ పారిస్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో ఈ డబ్బు మంచం అద్దెకే సరిపోతుంది.

ముందుగా ఒక మాట. లిథువేనియా రాజధాని విల్నియస్, రీగా, ఎస్టోనియా రాజధాని టాలిన్, మూడూ మూడు రోజుల్లో చుట్టేసే టూర్లు చాలా కనిపిస్తాయి. వాటిలో రీగాకు దక్కేది ఒక పూట. ఆ పూటలో మీకు చూపించేది ఊళ్లో అన్నిటికన్నా ఖరీదైన నాలుగు వీధులు. రీగా ఒక్కదానికే మూడు రోజులు ఇవ్వండి. ఒకటి పాత ఊరికి, ఒకటి మార్కెట్‌కీ అల్బెర్టా వీధికీ, ఒకటి ఊరి బయట సముద్రానికో అడవికో.

1. నెల ఎంచుకోండి, తర్వాతే టికెట్

నన్నడిగితే మే నెల రెండో సగం, లేదా సెప్టెంబరు. చలి భరించగలిగేంతే ఉంటుంది, హాస్టళ్లు జులై రేట్లు అడగవు. జూన్‌లో పగలు దాదాపు 18 గంటలు. రాత్రి పదింటికి కూడా వెలుతురు ఉంటుంది కాబట్టి ఒక రోజులో రోజున్నర పని అవుతుంది. అయితే జూన్ 23, 24 తేదీలు మాత్రం చూసుకోండి. అవి లీగో, యాని అనే నడివేసవి పండుగలు. ఊళ్లో జనమంతా పల్లెలకు వెళ్లిపోయి రాత్రంతా మంటలు వేసుకుని పాటలు పాడతారు. పల్లెలో తెలిసినవాళ్లు ఉంటే అంతకన్నా అదృష్టం లేదు. లేకపోతే మూసిన దుకాణాల ముందు తిరగాల్సి వస్తుంది.

డిసెంబరులో పగలు ఏడు గంటలు కూడా ఉండదు. మధ్యాహ్నం మూడున్నర దాటగానే చీకటి. డోమ్ చౌక్‌లో క్రిస్మస్ సంత బాగుంటుంది. 1510లోనే ఇక్కడ క్రిస్మస్ చెట్టు నిలబెట్టారని రీగా వాళ్లు చెప్పుకుంటారు, కాదు మేమే ముందని టాలిన్ వాళ్లు వాదిస్తారు. ఆ సంత కోసమే వెళ్తే సరే. ఊరు చూడాలనుకుంటే చలికాలం వద్దు. వీధుల్లో తిరిగి చూడాల్సిన ఊరిని చీకట్లో ఏం చూస్తారు?

2. వీసా, విమానం, బస్సు

లాత్వియా 2007 నుంచి షెంజెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో ఉంది, 2014 నుంచి అక్కడ యూరోలే చెల్లుతాయి. ఇండియా నుంచి వెళ్లేవాళ్లకు షెంజెన్ వీసా కావాలి. పెద్దలకు ఫీజు 90 యూరోలు, అప్లికేషన్ సెంటర్ చార్జీలు వేరు. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. పదిహేను రోజుల ముందుతో గడువు అయిపోతుంది, కానీ అంతదాకా ఆగకండి. వేసవిలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి. కాబట్టి హోటల్ బుకింగులు అందుకు తగ్గట్టు ఉండేలా చూసుకోండి. రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చే బుకింగ్ అయితే మేలు.

జర్మనీలోనో పోలండ్‌లోనో చదువుకుంటున్న మన పిల్లలకు ఈ గొడవ లేదు. అక్కడి రెసిడెన్స్ పర్మిట్ ఉంటే 180 రోజుల్లో 90 రోజుల దాకా మిగతా షెంజెన్ దేశాలు తిరగొచ్చు. పర్మిట్ కార్డు ఒక్కటే జేబులో పెట్టుకుని బయల్దేరకండి, పాస్‌పోర్టు కూడా ఉండాలి.

ఇండియా నుంచి రీగాకు నేరుగా విమానం లేదు. హైదరాబాద్ నుంచైతే ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్లడం సులువు. ఢిల్లీ నుంచి హెల్సింకీ, వార్సా, ఇస్తాంబుల్ దారులున్నాయి. యూరప్ లోపలి నుంచైతే ఎయిర్‌బాల్టిక్‌కు రీగాయే సొంత ఇల్లు, ర్యాన్‌ఎయిర్ కూడా తిరుగుతుంది. చవక టికెట్లో బ్యాగు చార్జీ కలవదు. వీపున వేసుకునే సంచితో సర్దుకోగలిగితేనే అది నిజంగా చవక.

మూడు రాజధానులూ చూడాలనుకుంటే వచ్చిన ఊరికే తిరిగి వెళ్లే టికెట్ తీసుకోవద్దు. విల్నియస్‌లో దిగి, బస్సులో రీగా, అక్కడి నుంచి బస్సులో టాలిన్, అక్కడి నుంచే తిరుగు విమానం. ఒక్కో బస్సు ప్రయాణం నాలుగు, నాలుగున్నర గంటలు. లక్స్ ఎక్స్‌ప్రెస్, ఫ్లిక్స్‌బస్, ఎకోలైన్స్ నడుపుతాయి. ముందుగా కొంటే 15 నుంచి 25 యూరోలు. టాలిన్ నుంచి హెల్సింకీకి ఓడలో రెండు గంటల పైచిలుకు, అది కూడా ఈ వరసలో కలిపేయొచ్చు. 1989 ఆగస్టు 23న సుమారు ఇరవై లక్షల మంది చేయీ చేయీ పట్టుకుని సోవియట్ పాలనకు ఎదురు నిలిచిన మానవహారం సాగింది ఈ మూడు ఊళ్లను కలుపుతూనే. ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు. కిటికీ పక్క సీటు తీసుకుని ఆ దూరం ఎంతో కళ్లతో చూస్తే గానీ ఆ సంఖ్య అర్థం కాదు.

3. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి

ఎయిర్‌పోర్టు ఊరికి పది కిలోమీటర్లే. బయటికి రాగానే టాక్సీల వైపు చూడకుండా 22వ నంబరు సిటీ బస్సు స్టాప్‌కు నడవండి. అరగంటలో ఊరి మధ్యలో దించుతుంది. టికెట్ ఒకటిన్నర యూరో, 90 నిమిషాల పాటు చెల్లుతుంది. ఆ లోపు ఇంకో బస్సో ట్రామో మారొచ్చు. టికెట్ ముందే కొనాలి, డ్రైవర్ అమ్మడు. మెషీన్లలో, నార్వెసెన్ అనే కియోస్కుల్లో, లేదా ఫోన్ యాప్‌లో దొరుకుతుంది. కొన్నాక బస్సెక్కి రీడర్ దగ్గర తాకించడం మరిచిపోకండి. టికెట్ జేబులో ఉన్నా తాకించకపోతే లేనట్టే లెక్క, తనిఖీ వాళ్లు జరిమానా వేస్తారు.

24 గంటల పాస్, మూడు రోజుల పాస్ కూడా ఉన్నాయి. చాలామంది మొదటి రోజే మూడు రోజులది కొనేస్తారు. అవసరం ఉండదు. రీగా నడిమి భాగమంతా నడక దూరమే, మూడో రోజు మీరు ఎలాగూ రైల్లో బయటికి పోతారు. విడి టికెట్లతోనే చవక. నలుగురు కలిసి అర్ధరాత్రి దిగితే మాత్రం యాప్‌లో బోల్ట్ కారు పిలుచుకుని నలుగురూ పంచుకోండి, బస్సుకూ దానికీ పెద్ద తేడా ఉండదు.

ఫోన్ సిమ్ కూడా నార్వెసెన్‌లోనే కొనుక్కోవచ్చు. యూరప్ సిమ్ ఉన్నవాళ్లకు కొత్తది అక్కర్లేదు.

4. మంచం ఎక్కడ?

హాస్టల్ డార్మ్‌లో మంచం సీజన్‌ను బట్టి 12 నుంచి 25 యూరోలు. ధర కన్నా చోటు ముఖ్యం. పాత ఊరి నడిబొడ్డున హాస్టళ్లు చాలా ఉన్నాయి, కానీ శుక్ర, శనివారాల్లో వాటి కిందే బార్లు. రీగాకు ఆ రెండు రాత్రులూ తాగడానికే వచ్చే గుంపులు ఉంటాయి. నిద్ర కావాలంటే రైల్వే స్టేషన్‌కూ స్వాతంత్ర్య స్తంభానికీ మధ్య ఉండే వీధులు చూడండి, లేదా ఎలిజాబెతెస్ వీధి చుట్టుపక్కల. పాత ఊరికి పది పదిహేను నిమిషాల నడక, రైలు, బస్సు, మార్కెట్ అన్నీ దగ్గర. అక్కడ వీధిని ఇయెలా అంటారు. అల్బెర్టా ఇయెలా, బ్రీవీబాస్ ఇయెలా అని మ్యాపులో కనిపిస్తే కంగారుపడకండి.

నది అవతల అగెన్స్‌కల్న్స్ పేట ఉంది. పాత చెక్క ఇళ్లు, పునరుద్ధరించిన ఎర్ర ఇటుకల మార్కెట్. నాలుగైదు రోజులు ఉండేవాళ్లకు, గది అద్దెకు తీసుకునే జంటలకు అదే మంచిది.

బుక్ చేసేముందు ఒక్కటి తప్పక చూడండి: వంటగది ఉందా? ఎందుకో తిండి దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

5. మొదటి రోజు: పాత ఊరు, పైసా ఖర్చు లేకుండా

వెత్స్‌రీగా అంటే పాత రీగా. 1201లో బిషప్ ఆల్బర్ట్ స్థాపించిన ఊరు. చారిత్రక కేంద్రమంతా 1997 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. పొద్దున తొమ్మిదికి ముందే బయల్దేరండి. రాళ్లు పరిచిన వీధులు, అడుగుభాగం మందంగా ఉన్న బూట్లు వేసుకోండి.

రాత్‌స్లౌకుమ్స్ చౌక్‌లో మొదలుపెట్టండి. అక్కడున్న ఎర్రటి, నగిషీల బ్లాక్‌హెడ్స్ భవనమే రీగా పోస్ట్‌కార్డులన్నిటి మీదా ఉండేది. పెళ్లికాని వర్తకుల సంఘం వాళ్లది. చూడ్డానికి ఎన్నో శతాబ్దాల నాటిదిలా ఉంటుంది గానీ, అసలుది 1941లో యుద్ధంలో కాలిపోయింది, మిగిలిన మొండిగోడలను 1948లో సోవియట్ ప్రభుత్వం కూల్చేసింది. ఇప్పుడున్నది 1990లలో మళ్లీ కట్టినది. లోపలికి టికెట్ ఉంది. దీని అందమంతా ముఖభాగంలోనే ఉంది కాబట్టి బయటి నుంచి చూసి కదలండి.

పక్కనే సెయింట్ పీటర్ చర్చి. దాని వెనక గాడిద, కుక్క, పిల్లి, కోడిపుంజు ఒకదాని మీద ఒకటి నిలబడ్డ కంచు బొమ్మ ఉంటుంది. జర్మనీలోని బ్రెమెన్ నగరం ఇచ్చిన కానుక. జనం తాకి తాకి ముక్కులు మెరుస్తున్నాయి. ఫ్రీ వాకింగ్ టూర్లు ఈ చర్చి దగ్గరే మొదలవుతాయి. ఫ్రీ అన్నా చివర్లో గైడుకు ఐదో పదో యూరోలు ఇవ్వడం పద్ధతి. చరిత్ర వినాలనుకుంటే ఆ డబ్బుకు విలువ ఉంది, ఫోటోల కోసమే అయితే సొంతంగా తిరగండి.

చర్చి శిఖరం ఎత్తు 123 మీటర్లు. 72 మీటర్ల దగ్గర ఉన్న బాల్కనీకి లిఫ్టు వెళ్తుంది, టికెట్ పది యూరోల దాకా. ఇక్కడ నా అభిప్రాయం చాలామందికి నచ్చదు: ఎక్కకండి. రీగా ఆకాశరేఖలో అన్నిటికన్నా అందమైనది ఈ శిఖరమే. దీని మీద నిలబడితే ఇదొక్కటే కనబడదు. పై నుంచి ఊరు చూడటానికి ఉచితమైన చోటు రేపు చూపిస్తాను.

అక్కడి నుంచి డోమ్ చౌక్. డోమ్ చర్చికి 1211లో పునాది వేశారు. లోపల 1884 నాటి ఆర్గన్ అనే పెద్ద సంగీత వాద్యం ఉంది, ఆరువేల ఏడువందలకు పైగా గొట్టాలు. పాత ఊళ్లో ఒక్కదానికే డబ్బు పెట్టాలంటే దీనికి పెట్టండి, అది కూడా లోపల తిరిగి చూడటానికి కాదు, చిన్న కచేరీ ఉన్న రోజు చూసుకుని వినడానికి. ఇరవై నిమిషాలే ఉంటుంది. ఆ శబ్దం చెవులతో కన్నా కూర్చున్న బల్లతో ఎక్కువ తెలుస్తుంది.

తర్వాత మజా పిల్స్ వీధిలో ముగ్గురు అన్నదమ్ములు. ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న మూడు ఇళ్లు, వాటిలో పెద్దన్న 15వ శతాబ్దం చివరిది. మధ్య ఇంట్లో ఆర్కిటెక్చర్ మ్యూజియం, ప్రవేశం ఉచితం. అక్కడి నుంచి 1698 నాటి స్వీడిష్ గేటు గుండా దాటి పౌడర్ టవర్‌కు వెళ్లండి. అందులోని యుద్ధ మ్యూజియం కూడా ఉచితమే. వర్షం మొదలైతే ఇంతకన్నా మంచి ఆశ్రయం లేదు. పైగా ఒక్క శతాబ్దంలో ఈ చిన్న దేశం మీదుగా ఎన్ని సైన్యాలు అటూ ఇటూ నడిచాయో అక్కడ అర్థమవుతుంది. దగ్గర్లోనే పిల్లుల ఇల్లు. తనను వర్తకుల సంఘంలో చేర్చుకోలేదన్న కోపంతో ఒక వర్తకుడు తోకలెత్తిన నల్ల పిల్లులను సంఘ భవనం వైపు వీపు తిప్పి కప్పు మీద నిలబెట్టాడని కథ. తలెత్తి చూడండి, అక్కడే ఉన్నాయి.

సాయంత్రం కాలవ ఒడ్డున పార్కులో కూర్చుని, స్వాతంత్ర్య స్తంభం దగ్గరికి రండి. 1935లో జనం చందాలతో కట్టుకున్నది, 42 మీటర్లు. పైనున్న స్త్రీ చేతుల్లో మూడు నక్షత్రాలుంటాయి, జనం ఆమెను మిల్డా అంటారు. సోవియట్ కాలంలో ఇక్కడ పూలు పెట్టడమే నేరం. 1987 జూన్ 14న హెల్సింకీ-86 అనే చిన్న బృందం ధైర్యం చేసి పూలు పెట్టింది. పగటిపూట గంటకోసారి కాపలా సైనికులు మారతారు, ఐదు నిమిషాలు నిలబడి చూడొచ్చు.

6. రెండో రోజు: ఆకలితో మార్కెట్‌కు, తర్వాత లైబ్రరీ, తర్వాత అల్బెర్టా వీధి

టిఫిన్ చేయకుండా సెంట్రల్ మార్కెట్‌కు వెళ్లండి. స్టేషన్ వెనకే. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్లు జెప్పెలిన్ ఎయిర్‌షిప్పులు దాచడానికి కట్టిన హ్యాంగర్ల ఇనుప చట్రాలు తెచ్చి, 1930లో ఈ మార్కెట్ తెరిచారు. ఐదు పెద్ద మండపాలు: మాంసం, పాలు, కూరగాయలు, చేపలు, తినుబండారాలు. ఎయిర్‌షిప్పు పట్టే కప్పు కింద ఒకావిడ వెల్లుల్లి ఊరగాయ అమ్ముతుంటుంది.

ఊరగాయలంటే మన నూనె, కారం కాదు. ఉప్పునీళ్లలో పులియబెట్టిన క్యాబేజీ, దోసకాయలు, వెల్లుల్లి రెబ్బలు. అడిగితే రుచికి కొంచెం ఇస్తారు. చేపల మండపం మాత్రం తీరిగ్గా చూడండి: పొగబెట్టిన రకరకాల చేపలు, పాములా సన్నగా ఉండే ల్యాంప్రేలు. గోదావరి జిల్లాల వాళ్లు ఇక్కడ గంట కన్నా తక్కువలో బయటపడటం కష్టం. హెంప్ అనే గంజాయి జాతి మొక్క గింజలతో చేసే ఆకుపచ్చ వెన్న, నల్లటి రై రొట్టె కొనండి, రెండూ కలిపి తింటే పొద్దుటి టిఫిన్ అయిపోయినట్టే. ఉజ్బెక్ వాళ్లు తందూరులో కాల్చి వేడివేడిగా అమ్మే రొట్టె ఇంకా చవక, కడుపు నిండుతుంది. చిల్లర నాణేలు దగ్గర పెట్టుకోండి. జిప్పున్న జేబులోనే ఫోన్ ఉంచండి, రద్దీలో జేబుదొంగలు ఉంటారు.

తర్వాత నది వైపు నడిచి రాతి వంతెన మీదుగా అవతలికి వెళ్లండి. వంతెన మధ్యలో ఆగి వెనక్కి తిరిగితే పాత ఊరి శిఖరాలన్నీ వరసగా కనిపిస్తాయి. పోస్ట్‌కార్డు దృశ్యం ఇదే. అవతలి ఒడ్డున గాజుకొండలా లేచిన భవనం జాతీయ గ్రంథాలయం. 2014లో తెరిచారు. ఆ జనవరిలో వేలమంది చలిలో వరసగా నిలబడి పాత లైబ్రరీ నుంచి ఇక్కడికి పుస్తకాలు చేతులు మార్చుకుంటూ చేరవేశారు. ప్రవేశం ఉచితం. ఏదైనా గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి, సంచీ లాకర్‌లో పెట్టాలి. లిఫ్టులో పై అంతస్తులకు వెళ్తే నది, వంతెనలు, పాత ఊరు, సెయింట్ పీటర్ శిఖరంతో సహా మొత్తం కనిపిస్తుంది. పది యూరోలు మిగిలాయి.

అక్కడే ‘దైనల బీరువా’ ఉంది, తప్పక చూడండి. క్రిష్‌యానిస్ బరోన్స్ అనే పెద్దమనిషి రెండు లక్షలకు పైగా లాత్వియన్ జానపద గీతాలను, నాలుగేసి పంక్తుల చిన్న పాటలను, చీటీల మీద రాసి సొరుగుల్లో వర్గాలుగా పేర్చాడు. దంపుళ్ల పాటలు, పెళ్లి పాటలు సేకరించిన వాళ్ల శ్రమ తెలిసిన తెలుగువాళ్లకు ఆ బీరువా ముందు నిలబడితే వేరే వివరణ అక్కర్లేదు. ఆదివారం లైబ్రరీ మూసి ఉంటుంది, అది చూసుకుని రోజులు సర్దుకోండి.

మధ్యాహ్నం తర్వాత అల్బెర్టా వీధి. రీగా నడిమి భాగంలో మూడో వంతు ఇళ్లు, గోడల నిండా నగిషీలుండే ఆర్ట్ నూవో శైలివి. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు ఈ రేవు ఊరు డబ్బుతో పొంగిపోతున్న కాలంలో కట్టినవి. అల్బెర్టా వీధిలో ఇళ్లు ఎక్కువగా మిహాయిల్ ఐజెన్‌స్టైన్ గీసినవి. సినిమా దర్శకుడు సెర్గేయ్ ఐజెన్‌స్టైన్ తండ్రి ఈయనే. నోరు తెరిచి అరుస్తున్న ముఖాలు, సింహాలు, నెమళ్లు, రెక్కల స్త్రీలు గోడలంతా కిక్కిరిసి ఉంటాయి. 2ఎ నంబరు ఇంటి పై వరస కిటికీల్లోంచి చూస్తే ఆకాశం కనిపిస్తుంది. అక్కడ ఇల్లు లేదు, గొప్ప కోసం గోడ ఒక్కటే పైకి లేపాడు. అటు ఎలిజాబెతెస్ 10బి, ఇటు స్త్రేల్నియెకు 4ఎలో ఉన్న నీలం తెలుపు భవనం కూడా చూడండి. మూడు వీధులూ కలిపి పది నిమిషాల దూరమే, కానీ రెండు గంటలు పెట్టుకోండి. ఎదుటి ఫుట్‌పాత్ మీద నుంచి చూడాలి, కింద నిలబడితే మెడ నొప్పే మిగులుతుంది. 12వ నంబరులో ఆర్ట్ నూవో మ్యూజియం ఉంది. ఆ కాలం నాటి వంటిల్లు, పడకగది ఎలా ఉండేవో ఉన్నదున్నట్టు సర్దిపెట్టారు. డబ్బు మిగిలితే వెళ్లొచ్చు.

7. మూడో రోజు: రైలెక్కండి

సముద్రపు ఒడ్డున ఉన్న యూర్మలా, చిత్తడి నేలలున్న కెమెరి రెండూ ఒకే రైలు మార్గంలో ఉన్నాయి. ఈ సంగతి తెలియక చాలామంది రెండు రోజులు ఖర్చు చేస్తారు. పొద్దున్నే తుకుమ్స్ దాకా వెళ్లే రైలు పట్టుకోండి. బోర్డు మీద తుకుమ్స్ అని ఉందో లేదో చూడాలి, కొన్ని రైళ్లు స్లోకా దగ్గరే ఆగిపోతాయి. రీగా స్టేషన్‌లోనే టికెట్ కొనేయండి, రైల్లో కొంటే అదనంగా వేయొచ్చు. స్టేషన్ చుట్టూ రైల్ బాల్టికా అనే, బాల్టిక్ దేశాలను కలిపే కొత్త రైలు మార్గం నిర్మాణం సాగుతోంది. దారులు మారుతుంటాయి కాబట్టి పావుగంట ముందే ఉండండి.

సుమారు గంటలో కెమెరి. దిగి దాదాపు నాలుగు కిలోమీటర్లు నడిస్తే పెద్ద చిత్తడి నేల మొదలవుతుంది. దాని మీద చెక్క పలకల దారి వేశారు, పెద్ద చుట్టు 3.4 కిలోమీటర్లు. రెండు వైపులా నల్లటి నీటి గుంటలు, నాచు, వందేళ్ల వయసున్నా మీ భుజం దాటని మరుగుజ్జు పైన్ చెట్లు, మధ్యలో చూడటానికి ఒక మంచె. టికెట్ లేదు. దుకాణమూ లేదు, నీళ్లూ తిండీ తీసుకెళ్లండి. వేసవిలో దోమల మందు. పలకలు తడిగా ఉంటే జారతాయి.

తిరుగు రైల్లో దారిలోనే మయోరిలో దిగండి. అది యూర్మలా. చెక్క విల్లాల మధ్య ఐదు నిమిషాలు నడిస్తే సముద్రం. తెల్లటి మెత్తని ఇసుక ఇరవై కిలోమీటర్లకు పైగా సాగుతుంది. నీళ్లు మాత్రం జులైలో కూడా చల్లగానే ఉంటాయి, నడుము లోతు రావాలంటే చాలా దూరం నడవాలి, కాబట్టి పిల్లలకు భయం లేదు. పక్క స్టేషన్ జింతారి దాకా ఒడ్డునే నడుచుకుంటూ వెళ్తే అడవి పార్కులో 33 మీటర్ల ఇనుప మంచె ఉంది, ఎక్కడం ఉచితం. అడుగున జాలీ, కిందంతా కనిపిస్తుంది. ఎత్తులంటే భయపడేవాళ్లు కిందే ఉండండి. అక్కడి నుంచే రీగాకు రైలు.

సెప్టెంబరు చివరా, అక్టోబరు మొదట్లో వెళ్తే మాత్రం సముద్రం మానేసి సిగుల్దా వెళ్లండి. రైల్లో గంట పైచిలుకు. గౌయా లోయలో ఆకులన్నీ పసుపు, ఎరుపు. లోయలోకి దిగి, గుత్మానిస్ గుహ చూసుకుని, 1214లో మొదలుపెట్టిన తురైదా కోట దాకా నడవడమే అసలు పని. లోయ మీద కేబుల్ కారు ఉంది గానీ, కింద నడిచేవాళ్లకు అది అవసరం లేదు.

8. తిండి: మధ్యాహ్నం బయట, రాత్రి హాస్టల్లో

ఇదే అసలు పొదుపు సూత్రం. పని దినాల్లో పన్నెండు నుంచి మూడు దాకా చాలా హోటళ్లలో బిజినెస్ లంచ్ ఉంటుంది, సూపు, ఒక ప్రధాన వంటకం కలిపి 7 నుంచి 10 యూరోలు. అదే వంటకం సాయంత్రం దాదాపు రెట్టింపు. కాబట్టి మధ్యాహ్నం గట్టిగా తినండి.

లిడో అనే సెల్ఫ్ సర్వీస్ హోటళ్లు ఊరంతా ఉన్నాయి. ట్రే పట్టుకుని చూసి ఎంచుకోవచ్చు కాబట్టి భాష రాకపోయినా పర్వాలేదు. కానీ ప్రతి గిన్నెకూ విడిగా ధర. కంటికి నచ్చినవన్నీ పెట్టుకుంటే కౌంటర్ దగ్గర బిల్లు చూసి ఉలిక్కిపడతారు. బంగాళాదుంప పాన్‌కేకులు, ఒక సూపు, ఒక సలాడ్, అంతే. వేసవిలో బీట్‌రూటు, కెఫీర్ అనే పులిసిన పాలు కలిపి చేసే గులాబీ రంగు చల్లని సూపు తప్పక తాగండి. అందులో ఉడికిన గుడ్డు వేస్తారు, శాకాహారులు ముందే అడగాలి. బూడిదరంగు బఠాణీల కూర శాకాహారంలా కనిపిస్తుంది గానీ అందులో పంది కొవ్వు ముక్కలు ఉంటాయి. ‘బెజ్ గల్యాస్’ అంటే మాంసం లేకుండా అని. ‘త్సూక్‌గల్యా’ పంది మాంసం, ‘లియెల్లొపు’ గొడ్డు మాంసం, ‘విస్తా’ కోడి. ఈ నాలుగూ చీటీ మీద రాసుకుంటే రోజులు గడిచిపోతాయి.

రాత్రికి రిమి, మాక్సిమా, లిడ్ల్ సూపర్‌మార్కెట్లు. బియ్యం దొరుకుతుంది, కెఫీర్, గట్టి పెరుగు రెండూ ఒక యూరో చిల్లరకే. వంటగది ఎందుకన్నానో ఇప్పుడు తెలిసిందిగా! ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ పొట్లం విప్పితే పెరుగన్నం సిద్ధం. బియెజ్‌పియెన్స్ అనే తాజా చీజు, విరిగిన పాల ముద్దలాంటిది, పొద్దున బెర్రీలతో బాగుంటుంది. దాన్నే చాక్లెట్ పూతతో చిన్న కడ్డీల్లా కారుమ్స్ పేరుతో అమ్ముతారు, సంచిలో రెండు వేసుకోండి. నీళ్ల సీసాలు కొనకండి, కుళాయి నీళ్లు తాగొచ్చు. కొన్నా ఖాళీ సీసా పారేయకండి, బిల్లులో పది సెంట్ల డిపాజిట్ ఉంటుంది, సూపర్‌మార్కెట్ దగ్గరున్న మెషీన్‌లో వేస్తే తిరిగి వస్తుంది.

రీగా టెక్నికల్ యూనివర్సిటీ లాంటి చోట్ల మన పిల్లలు చాలామందే చదువుతున్నారు. వీధిలో బోల్ట్, వోల్ట్ సంచులు మోసుకుంటూ సైకిల్ మీద పోయేవాళ్లలో తెలుగు మాట వినిపిస్తే ఆశ్చర్యపోకండి. పప్పులూ మసాలాలూ ఎక్కడ చవకో వాళ్లను మించి ఎవరూ చెప్పలేరు. డెలివరీ హడావుడిలో ఉన్నవాణ్ణి మాత్రం ఆపకండి.

9. డబ్బు పోయే చోట్లు

పాత ఊళ్లో రాత్రిపూట చక్కగా మాట్లాడుతూ పరిచయం చేసుకుని, ‘తెలిసిన బారు ఉంది, పదండి’ అనేవాళ్లు ఎవరైనా సరే, నవ్వి కదిలిపోండి. లోపల రెండు గ్లాసులకు వందల యూరోల బిల్లు వేసే మోసం ఇక్కడ పాతదే. మెనూలో ధర లేనిచోట ఏదీ తాగొద్దు. డోమ్ చౌక్‌లో బల్లలు వేసిన హోటళ్లలో కాఫీకే రేటు రెండింతలు. పక్క సందులోకి నడవండి. దారిలోని ప్రైవేటు ఏటీఎంలు, కరెన్సీ మార్చే కౌంటర్లు వద్దు, బ్యాంకు ఏటీఎంలోనే తీసుకోండి. ‘రూపాయల్లో లెక్క కట్టమంటారా’ అని మెషీన్ అడిగితే వద్దని యూరోలే నొక్కండి. అత్యవసరానికి నంబరు 112.

10. బయల్దేరే రోజు

బస్ స్టేషన్ సెంట్రల్ మార్కెట్‌ను ఆనుకునే ఉంది. బస్సుకు గంట ముందు వచ్చి రొట్టె, పొగబెట్టిన చీజు, ఆపిల్స్ దారికి కొనుక్కోండి, స్టేషన్ లోపల కన్నా చవక. టాలిన్ వైపు గానీ విల్నియస్ వైపు గానీ దేశం మారేచోట గేట్లు ఉండవు. అయినా పోలీసులు బస్సు ఆపి పాస్‌పోర్టులు చూడటం మామూలే. పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు కింద డిక్కీలోని సంచిలో కాకుండా ఒంటి మీద ఉంచుకోండి.